కొండ, కోన, కడలి: నడిచి చూద్దాం, క్షేమంగా వద్దాం



"నేను రోజూ అరగంట నడుస్తానండీ. కొండ ఎక్కితే నాకేమవుతుంది?" ఆసుపత్రుల్లో డాక్టర్లు తరచుగా వినే ప్రశ్న ఇది. ప్రశ్న అడిగిన వ్యక్తిని ఒకసారి ఊహించుకుందాం. ఆయన వయసు యాభై రెండు. ఉపాధ్యాయుడు. రోజూ ఉదయం కాలనీ రోడ్డు మీద అరగంట నడుస్తారు. కొద్దిగా రక్తపోటు ఉంది, మాత్ర వేసుకుంటారు. వేసవి సెలవుల్లో కుటుంబంతో కలిసి ఒక కొండకు బయలుదేరారు. పిల్లలు ముందు పరుగెడుతున్నారు. సుమారు మూడు వందల మెట్లు ఎక్కేసరికి ఆయనకు గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టు అనిపించింది. ఆగితే తగ్గింది. "పొద్దున తిన్న పూరీ అరగలేదు" అనుకుని ఒక సోడా తాగి మళ్ళీ నడక మొదలుపెట్టారు.

ఆయన చేసిన పొరపాటు నడవడం కాదు. నడక మంచిదే. అయితే కాలనీ రోడ్డు మీద నడక వేరు, కొండ మీద నడక వేరు. ఆ తేడా తెలియకపోవడమే పొరపాటు. ఆ తేడా ఏమిటో, ఏ ప్రదేశంలో ఏ జాగ్రత్త అవసరమో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ఆ ఉపాధ్యాయుని సంగతి మళ్ళీ చూద్దాం.

నడక వల్ల శరీరానికి ఏం జరుగుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. చురుకైన నడక ఆ కోవలోకే వస్తుంది. ఎంత చురుకుగా నడవాలి? దీనికి యంత్రాలేమీ అక్కరలేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. మాట కూడా తెగుతూ వస్తుంటే మీరు శక్తికి మించి నడుస్తున్నారని గుర్తు.

నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను ఇంధనంగా వాడుకుంటాయి. అందుకే మధుమేహం ఉన్నవారికి నడక మందులాంటిది. పిక్కల కండరాలు బిగిసి వదులైనప్పుడల్లా కాళ్ళలోని రక్తం పైకి, గుండె వైపు నెట్టబడుతుంది. క్రమం తప్పని నడకతో రక్తపోటు కొంత తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది.

చెట్ల మధ్య, నీటి పక్కన నడిస్తే మరికొంత మేలు ఉంది. ఎగుడుదిగుడు నేల మీద అడుగులు వేసేటప్పుడు పాదం, చీలమండ, నడుము అన్నీ పనిచేస్తాయి. శరీరం తూలకుండా నిలబడడం నేర్చుకుంటుంది. వయసు మళ్ళినవారు పడిపోకుండా ఉండడానికి ఇది ఎంతో అవసరం. జపాన్ అటవీశాఖ 1982లో "షిన్‌రిన్ యోకు", అంటే అడవిలో స్నానం, అనే పేరుతో అడవి నడకను ప్రజల్లో ప్రచారం చేసింది. చెట్ల మధ్య నెమ్మదిగా నడిచినప్పుడు మనసులోని ఒత్తిడి, నాడి వేగం తగ్గుతాయని ఆ తరువాత జరిగిన పరిశోధనల్లో గమనించారు.

ఈ సంగతి మన పెద్దలకు కూడా తెలుసు. క్షయవ్యాధికి మందులు లేని కాలంలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ల ఆధ్వర్యంలో క్షయ చికిత్సాలయం వెలిసింది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లోనూ అలాంటి ఆసుపత్రి ఉండేది. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, కోలుకుంటున్నవారికి కొలిచి పెంచే నడక, ఇవే అప్పటి చికిత్సలు. అయితే ఒక మాట మరువరాదు. క్షయను నయం చేసింది గాలి కాదు, తరువాత వచ్చిన మందులు. ప్రకృతి మనకు తోడు మాత్రమే. మందుకు బదులు కాదు.

నేల మారితే శ్రమ మారుతుంది

చదునైన రోడ్డు మీద నడవడం గుండెకు ఒక మోస్తరు పని. అదే మనిషి ఏటవాలు కొండ ఎక్కితే శ్రమ రెండింతలకు పైగా అవుతుంది. శరీరం బరువును ప్రతి అడుగులో పైకి ఎత్తాలి కదా! పొడి ఇసుకలో నడిచినా శ్రమ ఇంచుమించు అంతే పెరుగుతుంది. అడుగు వేసినప్పుడల్లా ఇసుక జారి మన బలాన్ని తినేస్తుంది. తడిసి గట్టిపడిన ఇసుక మీద శ్రమ తక్కువ.

దిగడం తేలిక అని చాలామంది అనుకుంటారు. గుండెకు తేలికే, మోకాళ్ళకు కాదు. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. మోకాలి చిప్ప వెనుక ఒత్తిడి చాలా పెరుగుతుంది. కొండ ఎక్కి వచ్చిన మరుసటి రోజు తొడలు పట్టేయడానికి కారణం చాలావరకు దిగుడే. ఈ నొప్పి రెండు మూడు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది.

కొండదారికి ఎంత సమయం పడుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. 1892లో స్కాట్లండ్‌కు చెందిన విలియం నైస్మిత్ ఒక సూత్రం చెప్పారు. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట కలుపుకోవాలి. తిరుపతి అలిపిరి దారిని చూడండి. దూరం సుమారు 9 కి.మీ., మెట్లు 3,550, ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. లెక్క ప్రకారం ఇంచుమించు మూడు గంటలు. ఇది దిట్టమైన మనిషికి. అలవాటు లేనివారు, పిల్లలతో వెళ్ళేవారు దీనికి సగం కలుపుకోవాలి. శ్రీవారి మెట్టు దారి పొడవు సుమారు రెండు కిలోమీటర్లే, మెట్లు 2,388. దగ్గరి దారి కదా అని గుండె జబ్బు ఉన్నవారు దీన్ని ఎంచుకోరాదు. దూరం తగ్గిన కొద్దీ ఏటవాలు పెరుగుతుంది.

ఎక్కడ ఏ జాగ్రత్త?

1. సముద్రతీరం: విశాఖపట్నం నుండి భీమునిపట్నం వరకు ఒక పక్క కొండలు, మరో పక్క సముద్రం. దారిలో గాలీ వానా కలిసి చెక్కిన ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి. మన దేశంలో జాతీయ భూవారసత్వ స్థలాలుగా గుర్తింపు పొందినవాటిలో ఇదొకటి. దిబ్బల అంచుల మీదికి ఎక్కరాదు, మట్టి విరిగి పడుతుంది. ఇక్కడ ఎండ పైనుంచే కాదు, ఇసుక మీదినుంచీ నీటి మీదినుంచీ తిరిగి కొడుతుంది. గాలి చల్లగా ఉండడంతో చెమట పోతున్నట్టు తెలియదు. ఉదయం 8 గంటల లోపు నడక ముగించడం మంచిది. నడిచి అలసిపోయి సముద్రంలో దిగకండి. అలల మధ్య వెనక్కి లాగే ప్రవాహాలు ఉంటాయి. అందులో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదరాదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటకు రావాలి.

2. తూర్పు కనుమలు: అనంతగిరి, అరకు, లంబసింగి, మారేడుమిల్లి. కాఫీ తోటలు, మిరియాల తీగలు, పొగమంచు. చూసి తీరవలసిన చోట్లు. ఇక్కడి ప్రమాదం కంటికి కనపడదు. అది దోమ. ఏజెన్సీ ప్రాంతాల్లో మెదడుకు పాకే రకం మలేరియా ఉంది. పూర్తి చేతుల చొక్కా, సాయంత్రం నుండి దోమల మందు, రాత్రి దోమతెర తప్పనిసరి. తిరిగి వచ్చిన ఒకటి రెండు వారాల్లో, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా, చలిజ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి.

మరొకటి స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే అతిచిన్న నల్లి పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. వారం పది రోజుల తరువాత జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు మొదలవుతాయి. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లని పొక్కు ఉండవచ్చు. అది చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద దాక్కుంటుంది కాబట్టి చాలామంది చూసుకోరు. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతో నయమవుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. గడ్డిలో నేరుగా కూర్చోకండి, పడుకోకండి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు వేడినీటిలో ఉతకండి.

3. నల్లమల అడవి: కృష్ణానదికి ఇరువైపులా పరచుకున్న పులుల అడవి ఇది. మహాశివరాత్రికి, ఉగాదికి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి వేలాదిమంది కాలినడకన వెళతారు. అమ్రాబాద్ అడవిలోని సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి రోజుల్లో జనం తరలివెళతారు. ఈ రెండు యాత్రలూ ఎండ ముదిరే కాలంలోనే. అడవిలో నీడ ఉన్నా ఆకు రాలిన చెట్ల కింద వేడి తగ్గదు. నీళ్ళు దొరుకుతాయన్న నమ్మకంతో ఖాళీ చేతులతో బయలుదేరరాదు. వాగు నీరు తేటగా కనిపించినా కాచి గాని, క్లోరిన్ మాత్ర వేసి గాని తాగాలి. అటవీశాఖ అనుమతించిన రోజుల్లో, అనుమతించిన దారిలోనే, గుంపుగా నడవాలి.

4. శేషాచలం కొండలు: ఎర్రచందనం పుట్టిల్లు. తలకోన జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. జలపాతాల దగ్గర పాకుడు రాళ్ళే అసలు శత్రువులు. ఫొటో కోసం అంచుకు వెళ్ళి జారిపడినవారి వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. ఎగువన వాన పడితే నీరు నిమిషాల్లో పెరుగుతుంది. నీరు బురదరంగులోకి మారినా, ఆకులు పుల్లలు కొట్టుకువచ్చినా వెంటనే గట్టుకు చేరండి. మద్యం తాగి నీటి దగ్గరకు వెళ్ళడం ప్రాణాలతో చెలగాటమే.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాప చిరుతపులి దాడిలో చనిపోయింది. ఆ తరువాత పిల్లలతో వెళ్ళేవారికి సమయం ఆంక్షలు పెట్టారు, భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. ఆ విషాదం నేర్పిన పాఠం మనమందరం గుర్తుంచుకోవాలి. అడవిదారిలో పిల్లలు ముందుకు పరుగెత్తరాదు, వెనుకబడరాదు. ఇద్దరు పెద్దల నడుమ, చేయి అందేంత దూరంలో నడవాలి. చీకటి పడే వేళ దారిలో ఉండరాదు. చిరుత ఎదురైతే పరుగెత్తకండి, వంగకండి. పిల్లలను ఎత్తుకుని, నిటారుగా నిలబడి, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి నడవండి.

5. రాతి సీమ: గండికోటలో పెన్నానది రాతిని కోసుకుంటూ పోయిన లోయ చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ ఎత్తు 1,200 మీటర్లకు పైనే. అక్కడ చల్లదనం, గండికోటలో మాడ్చే ఎండ. గండికోట రాళ్ళ మీద నీడ ఉండదు. మార్చి నుండి జూన్ వరకు పగటి నడక మానుకోండి. లోయ అంచుకు కనీసం నాలుగైదు అడుగుల దూరంలో ఉండండి. రాతి చరియలకు వేలాడే తేనెపట్టుల కింద పొగ పెట్టడం, రాళ్ళు విసరడం, కేకలు వేయడం చేయరాదు. తేనెటీగలు లేస్తే ముఖం కప్పుకుని ఆగకుండా దూరంగా పోవాలి. ముల్లును గోటితో పక్కకు గీరి వెంటనే తీసేయాలి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

6. కాలువ గట్లు, కొల్లేరు: దూరప్రయాణం చేయలేనివారు నిరాశపడనక్కరలేదు. కోనసీమలో కాలువ గట్టు, కృష్ణా డెల్టాలో వరిచేల మధ్య దారి, ఆటపాకలో గూడబాతులు చేరే కొల్లేరు తీరం, ఇవన్నీ చదునైన మంచి నడకదారులు. గుండె ఆపరేషను తరువాత కోలుకుంటున్నవారికి, పెద్దవారికి ఇవే తగినవి. కాలికి చెప్పు, చేతిలో కర్ర, చీకటైతే టార్చిలైటు ఉండాలి. కాలికి పుండు ఉంటే బురదనీటిలో దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు.

7. హిమాలయ యాత్రలు: కేదార్‌నాథ్, అమర్‌నాథ్ యాత్రలకు మన రెండు రాష్ట్రాల నుండి ఏటా ఎంతోమంది వెళుతున్నారు. మన కొండలకూ వాటికీ పోలిక లేదు. అరకు, తిరుమల, హార్సిలీ హిల్స్ ఎత్తులో గాలి పలచబడడం బహు స్వల్పం. అక్కడ ఆయాసం వస్తే అది ఎత్తు వల్ల కాదు, శ్రమ వల్ల గాని, జబ్బు వల్ల గాని. కేదార్‌నాథ్ సంగతి వేరు. ఎత్తు సుమారు 3,580 మీటర్లు. సముద్రమట్టంతో పోలిస్తే ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు మూడింట రెండు వంతులే. పైగా గౌరీకుండ్ నుండి సుమారు 16 కి.మీ. ఎక్కుడు. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్రలేమి మొదలవుతాయి. ఇది ఎత్తు జబ్బు. ఇంకా పైకి వెళ్ళకుండా ఆగాలి. తూలుతూ నడిచినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రి అయినా సరే కిందికి దించాలి. దిగడమే అసలు చికిత్స. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకు మించి ఎత్తుగా ఉండరాదు.

ముందుగా డాక్టరును ఎవరు కలవాలి?

గుండె జబ్బు ఉన్నవారు: గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, నలభై దాటి పొగతాగే అలవాటు ఉన్నవారు డాక్టరు సలహా లేకుండా కొండ ఎక్కరాదు. "ఇ.సి.జి. బాగానే ఉంది" అన్న మాట చాలదు. విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఇ.సి.జి. శ్రమలో గుండె ఎలా ఉంటుందో చెప్పదు. అవసరమనుకుంటే డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు.

ఇప్పుడు మన ఉపాధ్యాయుని దగ్గరకు వద్దాం. శ్రమ చేస్తే వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బరువు అజీర్ణం కాదు. గుండె రక్తనాళం సన్నబడిందని శరీరం చేస్తున్న హెచ్చరిక. అది ఎడమ చేయి, దవడ, వీపు, పైపొట్టలో కూడా రావచ్చు. స్త్రీలలో, మధుమేహం ఉన్నవారిలో నొప్పే లేకుండా ఆయాసం, చెమట, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చు. ఆయన మొదటిసారి బరువు అనిపించినప్పుడే ఆ మెట్టు మీద కూర్చుని, ఇంట్లోవాళ్ళకు చెప్పి, దిగి ఆసుపత్రికి వెళ్ళి ఉంటే గుండెపోటు రాకముందే చికిత్స జరిగేది. సోడా తాగి ఎక్కినవారిలో కొందరు ఆసుపత్రికి చేరరు. పిల్లల ముందు తీసికట్టు అవుతామన్న మొహమాటం ప్రాణం కన్నా ఎక్కువ కాదు.

మధుమేహం ఉన్నవారు: ఇన్సులిన్ గాని, చక్కెర బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారికి నడక మధ్యలోనూ, కొన్ని గంటల తరువాతా చక్కెర పడిపోవచ్చు. ఖాళీ కడుపుతో బయలుదేరకండి. రక్తంలో చక్కెర 100 కన్నా తక్కువ ఉంటే కొంచెం తిని కదలండి. వణుకు, చెమట, కళ్ళు తిరగడం, విసుగు కనిపిస్తే కూర్చుని మూడు చెంచాల గ్లూకోజు గాని, చక్కెర గాని నీటిలో కలిపి తాగండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగండి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు వట్టికాళ్ళతో ఎక్కరాదు. మొక్కు ఉన్నా సరే, కాలే మెట్ల మీద పొక్కులు లేచినా వారికి తెలియదు. ఆ పుండు కాలు తీసేదాకా తీసుకువెళ్ళవచ్చు. మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు గాని, వదులైన బూట్లు గాని, నూలు మేజోళ్ళు గాని వాడి, ప్రతి రెండు గంటలకు పాదాలు చూసుకోండి.

ఆస్త్మా ఉన్నవారు ఇన్‌హేలర్ సంచిలో కాదు, జేబులో పెట్టుకోవాలి. మోకాళ్ళ అరుగుదల ఉన్నవారు ఎక్కి, దిగడానికి బస్సు చూసుకోవడం మంచిది. గర్భిణులు, మూర్ఛ ఉన్నవారు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు తమ డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

ఎనిమిది వారాల సాధన

పరీక్షకు ముందురోజు చదివితే ఎంత ఫలమో, కొండకు ముందురోజు నడిస్తే అంతే ఫలం. 

1, 2 వారాలు: వారానికి ఐదు రోజులు, రోజుకు 20 నుండి 30 నిమిషాలు చదును నేల మీద నడక.
3, 4 వారాలు: 40 నిమిషాలు. వారానికి రెండు రోజులు రెండు అంతస్తుల మెట్లు మూడుసార్లు ఎక్కి దిగడం.
5, 6 వారాలు: ఆదివారం గంటన్నర నడక. సంచిలో రెండు కిలోల బరువు. దగ్గరలో చిన్న గుట్ట ఉంటే అక్కడ.
7వ వారం: రెండున్నర గంటల నడక, కొండకు వేసుకునే చెప్పులు, బూట్లతోనే. కొత్త బూట్లతో యాత్రకు బయలుదేరరాదు.
8వ వారం: తేలిక నడక, మంచి నిద్ర.

ఎక్కేటప్పుడు చిన్న అడుగులు వేయండి. అరగంటకోసారి ఐదు నిమిషాలు ఆగండి. దిగేటప్పుడు మోకాలు కొద్దిగా వంచి, కర్ర ముందు మోపి, ఏటవాలుకు అడ్డంగా వంకరటింకరగా దిగండి. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారే అందరి వేగాన్నీ నిర్ణయించాలి.

సంచిలో ఉండవలసినవి

మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు, రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, వేరుశనగ ఉండలు లేదా అరటిపండ్లు, గ్లూకోజు, రోజువారీ మందులు రెండు రోజులకు సరిపడా, దూది, క్రేప్ బ్యాండేజి, అయోడిన్ మందు, టార్చి, ఈల, టోపీ లేదా తువ్వాలు, వానకు ప్లాస్టిక్ షీటు. మీ పేరు, జబ్బు, మందులు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ జేబులో ఉండాలి. ఓ.ఆర్.ఎస్. దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోండి. అడవిలో సెల్‌ఫోన్ పనిచేయని చోట్లు ఎక్కువ. ఎక్కడికి వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరండి.

ఆపద వస్తే...

వడదెబ్బ: ఒళ్ళు కాలిపోతూ మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీరు పోస్తూ విసరండి. ముందు చల్లబరచడం, తరువాత తరలించడం. స్పృహలేనివారి నోట్లో నీరు పోయరాదు.

ఛాతీ నొప్పి: కూర్చోబెట్టండి, నడిపించకండి. 108కి ఫోన్ చేయండి. డోలీలోనో, మనుషుల చేతుల మీదనో దించండి. స్పృహ తప్పి, ఊపిరి ఆగితే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా గట్టిగా నొక్కుతూ ఉండండి. సాయం వచ్చేవరకు ఆపకండి.

పాముకాటు: మన దేశంలో 2000 నుండి 2019 వరకు ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో మరణించారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు సూది పనిచేస్తుంది. కాబట్టి పామును వెతికి చంపే పని పెట్టుకోకండి. కాటు వేసినచోట కోయరాదు, నోటితో పీల్చరాదు, గట్టిగా తాడు కట్టరాదు. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు తీసేసి, ఎముక విరిగినప్పటిలా కాలును బద్దకు కట్టి, కదలకుండా మోసుకువెళ్ళండి. కట్లపాము కాటుకు నొప్పి గాని, వాపు గాని ఉండకపోవచ్చు. నొప్పి లేదని ఇంటి దగ్గర ఉండిపోకండి.

పిడుగు: మెరుపు తరువాత 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ప్రమాదం దగ్గరలో ఉన్నట్టే. కొండ కొస, ఒంటరి చెట్టు, నీటి ఒడ్డు వదిలి పక్కా భవనంలోకి గాని, తలుపులు మూసిన కారులోకి గాని వెళ్ళండి. చివరి ఉరుము తరువాత అరగంట ఆగండి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు. వెంటనే సాయం చేయండి.

కాలు బెణికితే: ఆగండి, చల్లని గుడ్డ వేయండి, క్రేప్ బ్యాండేజి కట్టండి, కాలు ఎత్తుగా పెట్టండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎముక విరిగి ఉండవచ్చు, ఎక్స్‌రే అవసరం. నూనె పెట్టి గట్టిగా తోమించకండి.

అపోహలు, నిజాలు

అపోహ: నడిచేటప్పుడు నీళ్ళు తాగితే పొట్టలో నొప్పి వస్తుంది.
నిజం: ఒక్కసారిగా చెంబెడు తాగితే ఇబ్బంది. పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగితే ఏమీ కాదు.

అపోహ: భక్తితో ఎక్కేవారికి ఏమీ కాదు.
నిజం: తిరుమల మెట్లయినా, ఫిబ్రవరి ఉత్సవాల్లో గుణదల కొండ అయినా గుండెకు పడే శ్రమ ఒకటే. వాహనంలో వెళ్ళి చేసిన ప్రార్థనకు విలువ తగ్గదు.

అపోహ: ఉపవాసంతో ఎక్కితేనే ఫలితం.
నిజం: మధుమేహం, రక్తపోటు మందులు వాడేవారికి ఇది ప్రమాదం. మందులు మానరాదు, కడుపు మాడ్చరాదు.

అపోహ: కొంచెం మందు పుచ్చుకుంటే చలికి మంచిది.
నిజం: మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి శరీరంలోని వేడిని బయటకు పంపేస్తుంది. వెచ్చగా అనిపిస్తుందే గాని ఒళ్ళు చల్లబడుతుంది.

తిరిగి వచ్చాక

స్నానం చేసి ఒళ్ళంతా ఒకసారి చూసుకోండి. పాదాలు, వేళ్ళ సందులు, నడుము చుట్టూ, చెవుల వెనుక. పిల్లలను మీరే చూడండి. మూడు వారాల లోపు జ్వరం వస్తే డాక్టరుకు "నేను ఫలానా అడవికి వెళ్ళి వచ్చాను" అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాట సరైన పరీక్షకు, సరైన మందుకు దారి చూపుతుంది. మీరు తీసుకువెళ్ళిన ప్లాస్టిక్ సీసాలు, కవర్లు అక్కడే పారేయకుండా తిరిగి తెచ్చుకోండి. ఆ కొండ మీద బతికేవారు, ఆ వాగు నీరు తాగేవారు ఉన్నారని మరువకండి.

పాఠకులారా, ఇన్ని ప్రమాదాలు చదివి "ఎందుకొచ్చిన గొడవ, ఇంట్లోనే ఉందాం" అనుకోకండి. కదలకుండా కూర్చోవడం కూడా జబ్బే. ఈ జాగ్రత్తలన్నీ మిమ్మల్ని ఆపడానికి కాదు, డెబ్బై ఏళ్ళ వయసులో కూడా మీరు నడవగలగడానికి. ఈ సాయంత్రమే ఊరి చెరువు గట్టు మీద ఇరవై నిమిషాలు నడిచి రండి. ఎనిమిది వారాల తరువాత కొండ సంగతి చూద్దాం. ఎక్కేటప్పుడు గుండె మాట వినండి, దిగేటప్పుడు మోకాళ్ళ మాట వినండి. కొస దాకా వెళ్ళలేకపోయినా ఫరవాలేదు, కొండ ఎక్కడికీ పోదు. మీరు క్షేమంగా ఇల్లు చేరడమే ముఖ్యం.